భారలోహములను పైరులు ఎట్లు తట్టుకొనును?

మురుగునీరు పారు పొలములో తోటకూర మోకాలెత్తు పెరిగి నవనవలాడుచుండును. ఎరువు వేయకయే ఇంత బలము వచ్చినదని రైతు సంతోషించును. మురుగునీటిలో నత్రజని, భాస్వరము ఉన్నమాట నిజమే. ఆకు వాటివలననే అంత ముదురు పచ్చగా ఉన్నది. అయితే కర్మాగారముల నీరు కూడ ఆ కాలువలో కలియుచున్నచో నత్రజనితోపాటు సీసము, కాడ్మియం, క్రోమియం, నికెల్ వంటి భారలోహములు కూడ నేలకు చేరును. వాటిని భరించుచు పైరు పచ్చగానే నిలువగలదు. ఆ పైరును తిన్నవారి సంగతి వేరు. పైరు లోహమును ఎక్కడ దాచుచున్నదో తెలిసికొన్నగాని ఈ రెండింటికి గల భేదము బోధపడదు. అందుచేత ముందుగా మొక్క లోపల జరుగు పనిని కొంచెము వివరముగా చూతము.

అవసరమైనవి, అక్కరలేనివి

భారలోహములన్నియు విషములు కావు. ఇనుము, మాంగనీసు, రాగి, జింకు, నికెల్ మొక్కకు కావలసినవే. జింకు సంగతి మీలో చాలమందికి అనుభవమే. వరినాట్లు వేసిన రెండు మూడు వారములకు ఆకులపై త్రుప్పురంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారును. దీనిని ఉత్తరదేశమున ఖైరా అందురు. చిరకాలము దీనిని తెగులనుకొనిరి. జింకు లోపమే దీనికి కారణమని 1966లో పంత్‌నగర్‌లో వై. ఎల్. నెనె తెలియజేసిరి. ఎండబెట్టిన ఆకులో జింకు పది లక్షల పాళ్లకు సుమారు 20 పాళ్లకంటె తగ్గినచో పైరు ఆకలిగొన్నదని గ్రహించవలెను. అదే జింకు 300, 400 పాళ్లు దాటినచో పెక్కు పైరులకు హాని చేయును. మేలు చేయు లోహమునకైనను ఒక హద్దు కలదు.

సీసము, కాడ్మియం, పాదరసము అటువంటివి కావు. పైరుకు వాటితో పనిలేదు. పాషాణము, అనగా ఆర్సెనిక్, నిజమునకు పూర్తి లోహము కాకపోయినను దానిని కూడ ఈ జాబితాలోనే చేర్చుట వాడుక.

పనిలేని వస్తువును మొక్క ఎందుకు పీల్చుకొనును? అది బుద్ధిపూర్వకముగా పీల్చుకొనదు, మోసపోవును. వేరు పైపొరలో ఒక్కొక్క పోషకమునకు ఒక్కొక్క ద్వారమున్నది. కాడ్మియం అణువు జింకును, మాంగనీసును, ఇనుమును పోలియుండుటచే వాటి ద్వారములగుండ లోనికి దూరును. ఆర్సెనిక్ ఒక రూపములో భాస్వరపు ద్వారమునుండి ప్రవేశించును. మడిలో నీరు నిలిచినపుడు మరియొక రూపము దాల్చి, వరి సిలికాను గ్రహించు ద్వారమునుండి పోవును. వరికి సిలికా మిక్కుటముగా కావలెను గదా! అందుచేతనే ఇతర ధాన్యములకంటె వరిలో ఆర్సెనిక్ ఎక్కువగా చేరుట.

మొక్క చేయు కాపుదల

లోహము మితిమీరినపుడు మొదట దెబ్బ తినునది వేరు. వేరుకొన ఎదుగుట మాని పొట్టిగా, లావుగా, గోధుమరంగుగా మారును. పిల్లవేర్లు తగ్గును. ఆపైని లేత ఆకులు ఈనెల నడుమ పసుపు పచ్చబారును. ఇది చూచుటకు అచ్చముగా ఇనుపధాతువు లోపమువలెనే ఉండును, ఏలయనగా అధికమైన జింకు గాని నికెల్ గాని ఇనుమునకు అడ్డుపడును. ఆకును చూచి మాత్రమే నిర్ణయము చేయరాదని చెప్పుటకు ఇదియొక కారణము. కాడ్మియం విషయములో ఇంకను చిక్కు కలదు: మనిషికి హాని చేయు పరిమాణము పైరుకు హాని చేయు పరిమాణమునకు చాల తక్కువ. పైరుమీద ఏ గుర్తును కనిపించకముందే గింజ తినుటకు పనికిరానిది కావచ్చును.

ఇక కాపుదల సంగతి. వేరు మొదట బయటనే పోరాడును. కొన్ని ఆమ్లములను, జిగురు పదార్థమును స్రవించి లోహమును అక్కడనే బంధించును. లోనికి వచ్చిన దానిలో కొంత భాగము వేరు కణముల గోడలకు అంటుకొని నిలిచిపోవును. సీసములో అత్యధిక భాగము ఇట్లు వేరులోనే చిక్కుకొనును. వేరు నడుమ, రసము పైకెక్కు నాళముల చుట్టును, మైనము పూసినట్టి ఒక పట్టీ ఉన్నది. గోడల సందులనుండి దొంగదారిన వచ్చు నీటిని అది ఆపి, కణములగుండ రమ్మని నిర్బంధించును. అచ్చట వడపోత జరుగును.

కణములోనికి వచ్చిన లోహమును పట్టుకొనుటకు మొక్క గంధకముతో కూడిన పదార్థములను తయారు చేయును. వీటిలో ముఖ్యమైన ఫైటోకెలాటిన్లను 1985లో జర్మనీ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ పేరులోని రెండవ భాగము గ్రీకు భాషలో ఎండ్రకాయ కొండి అను మాటనుండి వచ్చినది. వరిగట్లమీద తిరుగు ఎండ్రకాయ దేనినైన పట్టినచో వదలదని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కాడ్మియం చేరగానే కణము ఈ కొండ్లను తయారుచేయుట మొదలిడును. ఇట్లు పట్టుబడిన లోహము కణము నడుమనున్న నీటి సంచిలోనికి నెట్టబడును. దీనికి రిక్తిక అని పేరు. రిక్తికలో నున్నంతవరకు లోహము కణము చేసికొను పనులకు అడ్డురాదు. ఇంటిలో ఎలుకల మందును గూటిలో పెట్టి తాళము వేసినట్లే.

ఆ గూడు ఎక్కడ ఉన్నదన్నదే అసలు విషయము. వేరులో ఉన్నచో మనకు క్షేమము. ఆకులో ఉన్నచో మొక్కకు క్షేమమేగాని ఆకుకూర తిన్నవారికి కాదు. మొక్కకు తాళుకొను శక్తి ఉన్నదనగానే పంట మంచిదని భ్రమపడరాదనుటకు మూలమిదియే.

దూరముగా నుంచునవి, కూడబెట్టునవి

లోహపు నేలలపై స్వయముగా పెరుగు మొక్కలను శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. బ్రిటనులోని వేల్స్ ప్రాంతమున పాత సీసపు గనుల తవ్వుడు దిబ్బలమీద ఒక జాతి గడ్డి పెరుగుచుండుటను, ప్రక్క పచ్చికబీటిలోని అదే జాతి గడ్డి ఆ దిబ్బమీద బ్రతుకజాలకుండుటను ఏ. డి. బ్రాడ్‌షా 1952లో ప్రకటించెను. తట్టుకొనగలిగిన కొద్ది మొక్కలే విత్తనమిచ్చి వంశము నిలుపుకొనుటచే ఆ గడ్డి వేరుగా రూపొందినది.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గము పట్టినవి మరికొన్ని. పసిఫిక్ మహాసముద్రములోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టు కలదు. దాని బెరడును గీచినచో నీలిపచ్చని పాలు కారును. ఆ పాలను ఎండబెట్టి తూచగా అందులో నాల్గవవంతు నికెల్ అని 1976లో తేలినది. అంత లోహముతో ఆ చెట్టు హాయిగా బ్రతుకుచున్నది! మన పెరటిలో పాతగోడల సందులలో కూడ మొలచు టెరిస్ విటాటా అను ఫెర్ను మొక్క ఆర్సెనిక్‌ను ఆకులలో కూడబెట్టునని అమెరికాలోని ఫ్లోరిడాలో కనుగొని 2001లో ప్రకటించిరి.

మన పైరులు ఈ రెండు కొసలకు నడుమనున్నవి. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు కాడ్మియంను ఆకులకు సులభముగా చేర్చును. ముల్లంగి, క్యారెట్టు వంటి దుంపలు ఆ తరువాత. పెసర, కంది, శనగవంటి పప్పుజాతులలోను, మొక్కజొన్న గింజలోను సామాన్యముగా తక్కువ. ప్రొద్దుతిరుగుడు గింజ కాడ్మియంను బాగుగా పట్టుకొనును. నూనెలోనికి బహు కొద్దిగా వచ్చి, మిగిలినది చెక్కలో నిలుచును. పొగాకు ఆకు ఈ విషయములో పేరుపడినది. చుట్ట, సిగరెట్టు త్రాగువారి దేహములో ఇతరులకంటె కాడ్మియం ఎక్కువగా నుండుటకు ఇదియే కారణము. వంగపంటను సొలానం టార్వం అను అడవి వంగజాతి వేరుపై అంటుకట్టినచో కాయలలో కాడ్మియం సగమునకు మించి తగ్గినట్లు జపానులో చూచిరి. వేరు ఎంత అధికారము చెలాయించునో దీనివలన తెలియును.

వరి విషయము

జపాను దేశములో తొయామా ప్రాంతమున జింజూ అను నది ఉన్నది. ఎగువన జింకు గనుల వ్యర్థము నదిలో కలిసెను. ఆ నీటితో దిగువ రైతులు తరతరములుగా వరి పండించిరి. పంట పండుచునే యుండెను. నడివయస్సు దాటిన స్త్రీలలో పెక్కుమందికి ఎముకలు మెత్తబడి, కొద్దిపాటి కదలికకే విరుగసాగినవి. బాధచే వారు చేయు మూల్గుడునుబట్టి ఆ వ్యాధికి ‘ఇతాయ్-ఇతాయ్’, అనగా ‘నొప్పి నొప్పి’ అను పేరు వచ్చినది. దీనికి కాడ్మియం కారణమని జపాను ప్రభుత్వము 1968లో అంగీకరించెను. మనిషి మూత్రపిండములలో చేరిన కాడ్మియం పదేండ్లకు పైగా నిలిచియుండును. అందుచేత రోజూ తిను అన్నములో కొద్దిపాటి ఉన్నను ప్రమాదమే. ఆ పొలముల పైమట్టిని మార్చి బాగుచేయు పని 1979లో మొదలై 2012 వరకు సాగినది.

థాయిలాండులోని మే సోట్ ప్రాంతమున జరిగినది మనకు మరింత ఉపయోగకరము. అచ్చట కూడ జింకు గనులున్న కొండలనుండి వచ్చు వాగునీటితోనే వరి పండించిరి. పొలము వెంబడి పొలము పరీక్షించగా, కాలువనుండి నీరు మొదట ప్రవేశించు మడులలో కాడ్మియం ఎక్కువగాను, పోను పోను తక్కువగాను కనబడెను. కాడ్మియం ఒండ్రును పట్టుకొని వచ్చును. నీటి వేగము తగ్గగానే ఒండ్రుతోపాటు అడుగున చేరును.

వరి రకములలో కూడ భేదమున్నది. నేపాలుకు చెందిన అంజనా ధాన్ అను రకము గింజలో కాడ్మియం ఎక్కువగా చేర్చును. వేరు కణములలో కాడ్మియంను రిక్తికలోనికి నెట్టు జన్యువు దానిలో పనిచేయకుండుటే కారణమని 2010లో తేలినది. గూటికి తాళము లేదు. విషము నాళములలో పడి పైకి పోయినది. 2012లో జపాను శాస్త్రజ్ఞులు కోషిహికారి అను రకమునుండి, మాంగనీసు ద్వారములో మార్పు కలిగి, కాడ్మియం దాదాపు లేని గింజనిచ్చు మొక్కలను ప్రకటించిరి. పొలములో చూచినచో ఇట్టి రకముల తేడాను కంటితో గుర్తించుట సాధ్యము కాదు.

మడిలో నీరు పెట్టు తీరు కూడ గింజను మార్చును. నీరు నిలిచియున్నపుడు బురదలో గాలి లేక గంధకము సల్ఫైడుగా మారి కాడ్మియంను కరగకుండ కట్టివేయును. నీరు తీసి నేల నెరియబారనిచ్చినచో కట్టు విడిపోయి పైరుకు అందును. కాబట్టి కాడ్మియం నేలలలో వెన్ను తీయుటకు మూడు వారములు ముందునుండి మూడు వారములు తరువాత వరకు మడి ఆరకుండ చూడవలెనని జపానులో సలహా ఇత్తురు. ఆర్సెనిక్ దీనికి తారుమారు. అది నీరు నిలిచినపుడే కరుగును, ఆరబెట్టినచో తగ్గును. ఒకదానికి మందు మరియొకదానికి విషమైనట్లున్నది. మీ పొలములో ఏది ఉన్నదో తెలియక ప్రక్క ఊరివారి పద్ధతిని అనుసరింపవద్దు.

మన నేలలలో ఏమి చేయవలెను?

హైదరాబాదు దిగువన మూసీ నీటితో వరి, పారాగడ్డి, ఆకుకూరలు పండించుట చిరకాలముగా జరుగుచున్నది. పటాన్‌చెరువు, బొల్లారం ప్రాంతమున నక్కవాగు కర్మాగారముల వ్యర్థజలముతో చెడిన సంగతి అందరెరిగినదే. ఇట్టిచోట్ల సేద్యము చేయువారందరు రేపే ఆకుకూరలు మానవలెనని చెప్పుట సులభము. వారానికి రెండుసార్లు చేతికి డబ్బు వచ్చు పంటను మానుట సులభము కాదు. మురుగునీరు పారిన ప్రతి పొలము విషమయమని నేనన్నచో అదియు అసత్యమే. ఇండ్లనుండి మాత్రమే వచ్చు మురుగులో రోగక్రిములెక్కువ, లోహములు తక్కువ. కర్మాగారపు మురుగు కలిసినచోటనే లోహముల భయము.

నల్లరేగడిలో సున్నమున్నది, బంకమన్ను ఎక్కువ. ఉదజని సూచిక 7.5 దాటియుండుటచే కాడ్మియం, జింకు, సీసము గట్టిగా పట్టుబడియుండును. ఎఱ్ఱచల్క నేలలు ఇసుకపాలు గలవి, కొన్ని ఆమ్లగుణము కలవి. అచ్చట అంతే లోహము పైరుకు ఎక్కువగా అందును. ఆమ్లనేలలో సున్నము వేసి సూచికను 6.5కు పైకి తెచ్చినచో కాడ్మియం పీల్చుట తగ్గును. రేగడిలో సున్నము వేయుట డబ్బు దండుగ. ఆర్సెనిక్ ఉన్నచోట సున్నము పనికిరాదు. పశువుల ఎరువు బాగుగా వేసినచో లోహములను పట్టి యుంచును. నేలలో జింకు లోపమున్నచో పైరు కాడ్మియంను మరింతగా పీల్చును. దక్షిణ ఆస్ట్రేలియాలో జింకు లోపించిన నేలలకు జింకు వేయగా గోధుమగింజలో కాడ్మియం తగ్గినది. అందువలన నేల పరీక్షలో జింకు లోపము కనబడినచో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు దుక్కిలో వేయుట రెండు విధముల మేలు. భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. లోపము లేనిచోట ప్రతి పంటకు వేయుచు పోయినచో మనమే ఒక భారలోహమును కూడబెట్టినవారమగుదుము. ఉప్పునీరు కూడ కాడ్మియంను కదలించి పైరుకు అందించును. చౌడు తగిలిన మురుగు పొలములలో ఇది గమనింపదగినది.

చెరువుమట్టి మంచి ఎరువేగాని కర్మాగారపు నీరు చేరు చెరువు మట్టిని పరీక్షింపక తోలవద్దు. పట్టణ కంపోస్టు కొనునపుడు ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము కిలోకు కాడ్మియం 5, సీసము 100 మిల్లీగ్రాములు మించరాదని గుర్తుంచుకొని పరీక్షపత్రము అడుగుడు. సీసము వేరులో చిక్కుకొనునని చెప్పితిని. ఆకుకూరపై కనబడు సీసములో చాలభాగము ధూళిగా పైనుండి పడినదే. మంచినీటితో రెండుమూడుసార్లు కడిగినచో పోవును. సీసము కలిసిన పెట్రోలు 2000లో దేశమున నిలిచిపోయినను, అంతకు పూర్వము రహదారుల ప్రక్క పడిన సీసము ఆ మట్టిలోనే యున్నది. కాడ్మియం ఆకు లోపల ఉండును. కడిగినను, ఉడికించినను పోదు.

పరీక్షలో ఎక్కువ అని తేలిన మడిలో ఆకుకూరలు, దుంపలు మాని బంతి, చామంతి, ప్రత్తి, విత్తనపు మొక్కజొన్న వేయుట నా అభిప్రాయములో మంచి మార్గము. పారాగడ్డి మేసిన గేదె పాలలోనికి కాడ్మియం వచ్చునది స్వల్పము. కాలేయమునందు, మూత్రపిండములందు చేరును.

మొక్కలతోనే నేలను శుభ్రపరచవచ్చునని మీరు వినియుందురు. ఆవజాతి మొక్కలను పెంచి, కోసి తీసివేయుట ఆ పద్ధతి. లెక్క కట్టి చూడుడు. ఎకరము నేలలో ఆరంగుళముల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. కిలోకు 3 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్నదనుకొన్నచో మొత్తము 2.7 కిలోలు. దానిని 1 మిల్లీగ్రామునకు దింపుటకు 1.8 కిలోలు తీయవలెను. పైరు 4 టన్నుల ఎండుమేత ఇచ్చి, కిలోకు 20 మిల్లీగ్రాములు పట్టినను ఒక పంటకు 80 గ్రాములు. అనగా 22, 23 పంటలు. అన్నాళ్లు కోసిన మేతను పశువులకు వేయరాదు, పెంటలో కలుపరాదు, పొయ్యిలో పెట్టరాదు. పైనుండి మురుగు పారుచునే యున్నచో ఈ లెక్క ఎన్నటికిని తీరదు. మొక్కల అమ్మకపువారి మాట విని డబ్బు పెట్టుటకు ముందు ఈ లెక్క వేసికొనుడు.

నమూనా తీయు విధము

మామూలు నేల పరీక్షలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు చూతురుగాని కాడ్మియం, సీసము చూడరు. వాటిని ప్రత్యేకముగా అడుగవలెను. తూము దగ్గరి మడి, నడిమి మడి, చివరి మడి మూడింటి మట్టిని వేర్వేరుగా తీయుడు. కలిపినచో మే సోట్‌లో కనబడినట్టి తేడా తెలియకుండ పోవును. ఒక్కొక్క మడిలో పది పండ్రెండు చోట్ల ఆరంగుళముల లోతు వరకు చెక్కపలుగుతో గాని త్రుప్పు పట్టని ఉక్కు సాధనముతో గాని తీసి కలిపి, అరకిలో ఉంచుకొనుడు. జింకు పూతగల బకెట్టులో వేసినచో మీ పొలములో లేని జింకు కాగితముపై కనబడును. ప్లాస్టిక్ తట్ట వాడుడు. నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో కట్టుడు.

మట్టితోపాటు తినుభాగమును కూడ పంపుడు: ఆకుకూరయైనచో కోతకు వచ్చిన ఆకు కిలో, వరియైనచో పండిన గింజ అరకిలో. ఆకుకూరలలో కాడ్మియం కిలో పచ్చి ఆకుకు 0.2 మిల్లీగ్రాములు, పాలిష్ చేసిన బియ్యమునకు 0.4 మిల్లీగ్రాములు అంతర్జాతీయ ఆహార ప్రమాణముల గరిష్ఠ పరిమితి. ఫలితము వచ్చిన పిదప దానిని ఈ అంకెలతో పోల్చి చూచి, మడివారీగా మీ పటముపై వ్రాసికొని, తదుపరి పంట నిర్ణయించుటకు ముందు మండలపు వ్యవసాయాధికారికి చూపుడు.